రెండో ప్లస్సు

చిన్నమేడం చిన్నదేమీ కాదు. యాభై దాటింది, మెట్లు కనిపిస్తే చాలు మోకాళ్ళు మొరాయిస్తాయి. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజుల్లో గణితశాఖలో ఒక పెద్దమేడం ఉండేది కాబట్టి ఈవిడ చిన్నమేడం అయింది. ఆ పెద్దమేడం రిటైరై, మనవల్ని పెంచి, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా చేసేసింది. అయినా ఈవిడ ముందున్న ఆ ‘చిన్న’ని తీసెయ్యాలని శాఖలో ఒక్కరికీ తోచలేదు. ఒకసారి పెట్టిన గుర్తుని మార్చడమంటే లెక్కల మనుషులకి మహా బద్ధకం.

ఆవిడ లెక్కల్లోకి వచ్చిన కథ కూడా చెప్పుకోదగ్గదేం కాదు. కాలేజీలో రసాయనశాస్త్రం తీసుకుందామని వెళ్తే ఆ కిటికీ ముందు జనం కిటకిటలాడుతున్నారు. పక్క కిటికీలో ఈగలు తోలుకుంటూ ఒక గుమాస్తా కూర్చున్నాడు. నిలబడలేక ఆ కిటికీ నీడలోకి జరిగితే, ఎవరో ఒకరు వచ్చారన్న సంతోషంలో ఆయన ఫారం చేతిలో పెట్టేశాడు. అది గణితం కిటికీ. అలా ఒక గణితవేత్త తయారైంది.

చేరాక మాత్రం ఆ పిల్లకి అదే లోకమైపోయింది. తల్లి కేకలేస్తున్నా, పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా, తలలో ఏదో ఒక వక్రం మెలికలు తిరుగుతూనే ఉండేది. జ్యామితి అంటే ఆవిడకి ప్రాణం. ఆ మాట ఎవరి ముందైనా అంటే నవ్వుతారని అనేది కాదు.

భర్తకి కళ్ళద్దాల షాపు ఉంది. నెమ్మదస్తుడు. పెళ్ళయిన కొత్తలో, షాపులో ఎవరూ లేని వేళ చూసి అడిగాడు.

“నువ్వు చేసేదేంటో నాకర్థమయ్యేలా చెప్పవోయ్. నలుగురూ అడిగితే నీళ్ళు నములుతున్నాను.”

“ఒక ఉపరితలం ఉందనుకోండి. దానిమీద వక్రాలుంటాయి. ఏ రెండు వక్రాలు ఎన్నిచోట్ల కోసుకుంటాయో లెక్కపెడతాం.”

“రోడ్లూ కూడళ్ళూ లాగా.”

“అలాగే. కాకపోతే మామూలు రోడ్లయితే ఒకవైపు నుంచి దాటితే ప్లస్సు, రెండోవైపు నుంచి దాటితే మైనస్సు అని పెట్టుకోవాలి. మా సంకీర్ణ సంఖ్యల లోకంలో ఆ గొడవ లేదు. వేరువేరు వక్రాలు ఎక్కడ కలిసినా ప్లస్సే.”

“బాగుందే! ఎవరితో కలిసినా లాభమేనన్నమాట.”

“ఇంకొకళ్ళతో కలిస్తేనండీ. తనతో తను కలిస్తే మైనస్సు రావచ్చు.”

“తనతో తనెలా కలుస్తుంది?”

“వక్రాన్ని రవ్వంత పక్కకి జరుపుతాం. పాతదీ జరిపినదీ ఎన్నిచోట్ల కలిశాయో చూస్తాం. అదే దాని సొంత సంఖ్య. కొన్ని వక్రాలు ససేమిరా జరగవు. అలాంటి మొండివాటికే మైనస్సులొస్తాయి.”

“మా నాన్నలాగా,” అన్నాడు భర్త, తండ్రి అక్కడ లేడని ఒకసారి చూసుకుని.

తర్వాత ఆవిడ అసలు సంగతికి వచ్చింది. ఉపరితలం మీదున్న వక్రాలన్నిటినీ ఒక పట్టికగా వేస్తారు. అడ్డంగా అవే, నిలువుగా అవే. ఏది దేన్ని ఎన్నిసార్లు కోసిందో ఆయా గళ్ళలో రాస్తారు. సొంత సంఖ్యలు మూలనుంచి మూలకి ఐమూలగా పడతాయి. ఆ పట్టికని ఒక పద్ధతి ప్రకారం కడిగి వడపోస్తే చివరికి కొన్ని ప్లస్సులూ కొన్ని మైనస్సులూ మిగులుతాయి. ప్లస్సులెన్ని, మైనస్సులెన్ని అన్నదే ఆ పట్టిక సిగ్నేచరు. దాని గురించి ఒక గొప్ప సిద్ధాంతం ఉంది. నిజమైన సంకీర్ణ ఉపరితలం మీది వక్రాల పట్టికలో, వక్రాలు వందున్నా వెయ్యున్నా, మిగిలే ప్లస్సు ఒక్కటే. తక్కినవన్నీ మైనస్సులే.

“ఇంటికి ఒక్కరే పెద్ద అన్నట్టు,” అన్నాడు భర్త.

“ఆ ఒక్కరూ మీరనుకుంటున్నారా?”

“ఛ, నేననుకుంటానా! మా అమ్మ.”

ఇక ఆవిడ శాఖ విషయం. అక్కడ ఆ ఒక్క ప్లస్సు ఎవరో ఎవరికీ సందేహం లేదు. ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళు. వయసులో ఉండగా ఆయన కొన్ని ముక్కల్ని అంచుల దగ్గర అతికించి ఒక కొత్త సంకీర్ణ ఉపరితలాన్ని కట్టారు. ఎన్నో సభల్లో దాని గురించి మాట్లాడారు. అందరూ దాన్ని పెద్దసారు ఉపరితలం అన్నారు. దానిమీద ఒక మూలవక్రం ఉంది. దాని సొంత సంఖ్య రెండు. ఆ రెండుతో ఆయన జీవితమంతా దర్జాగా గడిపేశారు.

శాఖ భవనంలో పొడుగాటి వసారా, దానికి రెండువైపులా గదులు, గదులకి గీరిన గాజు తలుపులు. లోపల మనిషున్నాడా కోటు తగిలించి ఉందా అన్నది బయటికి తెలిసేది కాదు. చాలాసార్లు కోటే ఉండేది. పెద్దసారు దగ్గర పరిశోధన చేసేవాళ్ళకి ఒకటే నియమం. ఎవరి వక్రం వాళ్ళది. ఆయన ఉపరితలం మీద ఒక్కొక్కరూ ఒక్కో కొత్త వక్రాన్ని కనుక్కోవాలి, దాని సొంత సంఖ్య లెక్కకట్టాలి, డాక్టరేటు పుచ్చుకోవాలి. పక్కవాడి గదిలోకి తొంగిచూడకూడదు, పక్కవాడి వక్రం గురించి అడగకూడదు. వయసులో ఉన్నప్పుడు ఎవరో స్నేహితుడు తన ఆలోచన ఎత్తుకుపోయాడని ఆయన చెప్పేవారు. ఏ ఆలోచనో మాత్రం చెప్పలేదు, మళ్ళీ ఎవరైనా ఎత్తుకుపోతారని.

అలా ఏడుగురు శిష్యులు ఏడు వక్రాలు కనుక్కున్నారు. మొదటి శిష్యుడు ఇప్పుడు శాఖకి హెడ్డు. ఆయన వక్రం సంఖ్య మైనస్ రెండు. రెండో ఆయన ఏడాదిలో సగం సదస్సుల పేరుతో గాల్లోనే ఉంటాడు కాబట్టి విమానం అంటారు. ఆయన వక్రం మాత్రం అంగుళం కదలదు, మైనస్ ఒకటి. మిగతా నలుగురివీ మైనస్సులే. పట్టికలో ఐమూల గళ్ళు ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి. మిగతా గళ్ళన్నీ ఖాళీ. ఎందుకంటే అవి నిండాలంటే ఒకరి వక్రం ఇంకొకరి వక్రాన్ని ఎన్నిసార్లు కోసిందో చూడాలి. అంటే ఒకరితో ఒకరు మాట్లాడాలి. దానికంటే సుఖమైన మార్గం ఒకటి దొరికింది. ప్రతి వ్యాసంలోనూ పట్టిక కింద “మిగిలిన సంఖ్యలను పాఠకుడు సులభంగా లెక్కించుకోగలడు” అని ఒక వాక్యం పడేసేవారు. ఆ పాఠకుడెవరో, ఎక్కడుంటాడో, అంత ఖాళీ ఆయనకెలా చిక్కుతుందో ఎవరూ విచారించలేదు.

ఏడో శిష్యురాలు మన చిన్నమేడం. ఆవిడ వక్రం పుట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. మధ్యలో కూతురు పుట్టింది, అత్తగారి తుంటి ఎముక విరిగింది, షాపులో పైకప్పు కారింది. ఇన్నిటి నడుమ, కూరగాయల సంచీమీద కూడా లెక్కలు వేసి, ఆవిడ ఒక వక్రాన్ని పట్టుకుంది. దాని సొంత సంఖ్య మూడు. మైనస్సు కాదు, ప్లస్ మూడు. ఆ రోజు ఆవిడ వసారాలో ఒక్కతే ఇటునుంచి అటు రెండుసార్లు నడిచింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. తలుపులన్నీ వేసి ఉన్నాయి.

పెద్దసారు గదిలో ఆ ముచ్చట చిటికెలో ముగిసింది.

“ఎంతొచ్చింది?”

“మూడు సార్.”

“ప్లస్సా?”

“ప్లస్సే సార్.”

“ఊఁ,” అని సంతకం పెట్టి, కాగితాలు తిరిగిచ్చేశారు. మొదటి పేజీ తప్ప మరోటి తిప్పలేదు. బాగా చేశావనకపోయినా ఫర్వాలేదు, సరిగ్గా చేశావని ఒక్క మాటంటే చాలని ఆవిడ అనుకుంది. అనలేదు. ఆ మాట కోసం ఆవిడ లోపల్లోపల ఎదురుచూస్తూనే ఉండిపోయింది. పైకి మాత్రం అందరిలాగే పాఠాలు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ బతికింది.

ఇంటి గేటుకి డాక్టరు బోర్డు మాత్రం పడింది. దాన్ని చూసి దగ్గు మందుకోసం వచ్చినవాళ్ళని అత్తగారు ఎప్పుడూ ఉత్తచేతులతో పంపలేదు. కోడలి డాక్టరేటుని ఆ ఇంట్లో నిజంగా వాడుకున్నది ఆవిడొక్కతే.

ఏళ్ళు గడిచాయి. పెద్దసారు ఎప్పుడో రిటైరైనా శాఖకి రావడం మానలేదు, ఆయన కుర్చీ తియ్యడానికి ఎవరికీ గుండెల్లేవు. ఆయనకి ఎనభై నిండబోతున్నాయని సన్మానసభ తలపెట్టారు. సభ అన్నాక సంచిక ఉండాలి. సంచిక అన్నాక అందులో పెద్దసారు ఉపరితలం గురించి మొదట్నుంచి చివరిదాకా ఒక పెద్ద వ్యాసం ఉండాలి. అలాంటి చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా? హెడ్డుగారు చిన్నమేడాన్ని పిలిచి కుర్చీ చూపించారు. ఆ గదిలో ఆవిడకి కుర్చీ చూపించడం అదే మొదలు.

“మేడం, ఈ పని మీరైతేనే చక్కగా చేస్తారు. ఖాళీగా ఉన్న ఆ ప్రొఫెసర్ పోస్టు సంగతి కూడా నా మనసులో ఉంది. సభ అవగానే చూద్దాం.”

“పట్టిక మొత్తం వెయ్యమంటారా సార్?”

“మొత్తం అంటే?”

“ఖాళీ గళ్ళతో సహా.”

“ఆఁ, వేసెయ్యండి. సులభమేగా! అన్ని వ్యాసాల్లోనూ రాసుకున్నాం.”

ఇన్నాళ్ళకి ఆ పాఠకుడు దొరికాడు. తీరా చూస్తే పాఠకురాలు.

ఆవిడ గళ్ళు నింపడం మొదలుపెట్టింది. హెడ్డుగారి వక్రం విమానంగారి వక్రాన్ని ఎక్కడా తాకలేదు. మనుషుల్లాగే వాళ్ళ వక్రాలూ ఒకదాన్నొకటి తప్పించుకు తిరుగుతున్నాయి. అది చూసి ఆవిడ ఒక్కతే కూర్చుని నవ్వుకుంది కూడా. చివరగా తన వక్రాన్నీ పెద్దసారు మూలవక్రాన్నీ పక్కపక్కన పెట్టింది. ఎన్నిసార్లు కలుస్తాయి? ఒక్కసారి.

ఆవిడకి నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండు వక్రాల సొంత సంఖ్యలూ ప్లస్సులైనప్పుడు, వాటిని గుణిస్తే వచ్చేది, అవి కలిసిన సంఖ్యని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని మించకూడదు. మించిందంటే పట్టికలో రెండు ప్లస్సులున్నట్టు. ఇక్కడ రెండు మూళ్ళు ఆరు. ఒకటి ఒకట్లు ఒకటి. ఆరు ఒకటిని మించదని ఒప్పించడం ఎంతటి గణితశాఖకైనా కష్టం. ఆ వక్రాలు కనీసం మూడుసార్లు కలిసి ఉంటే గండం గడిచేది. అందరూ ఇన్నాళ్ళూ మూడో నాలుగో అయివుంటుందిలే అనుకున్నారు. అసలు చూసినవాళ్ళెవరు?

తనే ఎక్కడో పప్పులో కాలేసిందనుకుంది ఆవిడ. మళ్ళీ వేసింది. ఇంకో దారిలో వేసింది. ఒకటి ఒకటిగానే ఉంది, మూడు మూడుగానే ఉంది. చివరికి ఎవరూ చెయ్యని పనికి పూనుకుని, పెద్దసారు మొదటి వ్యాసాన్ని బయటికి తీసింది. అందరూ దాన్ని ఉదహరించినవాళ్ళే, చదివిన జాడ ఎక్కడా లేదు. గ్రంథాలయంలో ఆ సంపుటం పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

ముక్కల్ని అతికించే చోట ఒక సూత్రం ఉంది. పై లైనులో రెండు అక్షరాల నెత్తిన చిన్న అడ్డగీతలున్నాయి. కింది లైనులోకి దిగేసరికి ఆ అడ్డగీతలు లేవు. ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు, బహుశా చెయ్యి అలిసి ఉంటుంది. కానీ ఆ గీతలున్న అతుకు సంకీర్ణమైన అతుకు కాదు, చొక్కా చెయ్యిని లోపలి పక్క బయటికి తిప్పి కుట్టడం లాంటిది. చొక్కా ఉంటుంది, తొడుక్కోవడానికి పనికిరాదు. ఉపరితలం లాంటిదేదో ఉంది గానీ అది సంకీర్ణ ఉపరితలం కాదు. దానిమీద ఏడుగురు డాక్టర్లు మాత్రం ఉన్నారు.

ఆవిడ హెడ్డుగారికి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఇది అచ్చుతప్పు మేడం.”

“అచ్చుతప్పయితే ఏ లైను ఒప్పు సార్? పైది ఒప్పయితే ఉపరితలం సంకీర్ణం కాదు. కిందిది ఒప్పయితే ముక్కలు అతుక్కోవు.”

“ఇది ఇంకెవరికైనా చెప్పారా?”

అంతే ఆయన అడిగింది. ఆ సాయంత్రమే ఆరుగురు శిష్యులూ హెడ్డుగారి గదిలో చేరారు. ఇన్నేళ్ళలో వాళ్ళందరూ ఒకేచోట కూర్చుని ఉపరితలం గురించి మాట్లాడుకోవడం అదే మొదటిసారి. పెద్దసారు నియమాన్ని ఉల్లంఘించడానికి వాళ్ళకి ఇంత అవసరం పడింది. టీలు తాగారు, బిస్కెట్లు అవగొట్టారు, పరిష్కారం కనిపెట్టేశారు. ఆవిడ్ని లోపలికి పిలిచారు.

“చూడండి మేడం,” అన్నారు హెడ్డుగారు తేనె పూసినట్టు. “పట్టికలోంచి మీ వక్రం ఒక్కటి తీసేస్తే అంతా సవ్యంగానే ఉంది. ఒక్క ప్లస్సే మిగుల్తోంది. కాబట్టి తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టేగా!”

“నా లెక్కలో తప్పు లేదు సార్.”

“లేదని మీరంటున్నారు. పెద్దసారు తప్పు చేశారంటే ఎవరు నమ్ముతారు? మీరు చేశారంటే వెంటనే నమ్ముతారు.” ఇది చెప్పినది విమానంగారు. ఆయన అన్నది కూడా నిజమే.

వాళ్ళు కాగితం కూడా సిద్ధం చేసి ఉంచారు. ‘నా సిద్ధాంత వ్యాసములో గణన దోషము దొర్లినట్లు గుర్తించి, వక్రమును ఉపసంహరించుకొనుచున్నాను’ అని. డాక్టరేటుకి ఢోకా లేకుండా విశ్వవిద్యాలయంతో తాము మాట్లాడతామన్నారు. ప్రొఫెసర్ పోస్టు మాట మళ్ళీ ఎత్తారు. సభకి ముందురోజు సెమినార్ గదిలో పెద్దసారు ఎదుట సంతకం చేస్తే ఆయన మనసు కుదుటపడుతుందన్నారు.

ఆవిడ ఇంటికి వెళ్ళకుండా నేరుగా షాపుకి వెళ్ళింది. భర్త ఎవరికో అద్దాలు బిగించి పంపించి, ఆవిడ ముఖం చూశాడు. సంగతంతా విన్నాడు.

“మరి సంతకం చేసెయ్యరాదూ? పోస్టు వస్తుందంటున్నావు.”

“నా మూడు తప్పని రాయమంటున్నారండీ.”

“తప్పు కాదు కదా?”

“కాదు.”

“ఉపరితలమే లేదంటివి. అప్పుడు నీ వక్రం కూడా లేనట్టేగా?”

“లేనట్టే. ఎలాగైనా అది పోయేదే.” అంది ఆవిడ. “పోనీయండి. లేని ఉపరితలం మీద సరైన లెక్క చేశానంటే పడతాను. ఉన్న ఉపరితలం మీద తప్పు లెక్క చేశానంటే మాత్రం నావల్ల కాదు. నా జీవితం మొత్తంలో నేను సరిగ్గా చేశానని ధీమాగా చెప్పగలిగింది ఆ మూడు ఒక్కటే.”

భర్త ఒక అద్దాన్ని అందుకుని తుడిచాడు. తర్వాత, “నా షాపులో మైనస్ వాళ్ళే ఎక్కువోయ్. వాళ్ళవల్లే మన ఇల్లు గడుస్తోంది. ఆ పోస్టు లేకపోయినా గడుస్తుంది,” అన్నాడు. ఓదార్పుగా అన్నాడో లెక్క చెప్పాడో తెలియలేదు గానీ ఆవిడకి కాస్త ఊపిరాడింది.

సభకి ముందురోజు సెమినార్ గదిలో అందరూ హాజరయ్యారు. పెద్దసారు ముందు వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకి వీళ్ళు చెప్పింది ఒకటే. ఏడో శిష్యురాలు లెక్క తప్పింది, సవరించుకుంటోంది, సభకి అడ్డం లేదు. అడ్డగీతల సంగతి ఎవరూ ఎత్తలేదు. హెడ్డుగారు కాగితం ముందుకి జరిపి, కలం మూత కూడా తానే తీసి ఇచ్చారు.

ఆవిడ కలం పట్టుకుంది.

“సంతకం పెడతాను సార్. నా లెక్కలో ఏ లైను తప్పో ఎవరైనా బోర్డు మీద చూపించండి. చూసి పెడతాను.”

ఆరుగురిలో ముగ్గురు ఆవిడ వ్యాసానికి పరీక్షకులుగా సంతకాలు పెట్టినవాళ్ళే. ఒకాయనకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఇంకొకాయన చరవాణిలో ఏదో ముఖ్యమైన సందేశం వెతకసాగాడు. విమానంగారు మాత్రం ధైర్యంగా లేచి బోర్డు దాకా వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, ‘ఒక వక్రము ఉందనుకొనుము’ అని రాసి, ఆ తర్వాత ఏమనుకోవాలో తోచక నిలబడిపోయారు.

“కూర్చో,” అన్నారు పెద్దసారు. కర్ర గోడకి ఆనించి లేచారు. “వ్యాసం ఇటివ్వండి.”

ఆయన దాన్ని మొదటిసారిగా రెండో పేజీకి తిప్పారు.

ఎనభై ఏళ్ళ మనిషి బోర్డు ముందు నిలబడి ఒక్కో లైనూ రాస్తూ పోయారు. మొదట్లో దొంగని పట్టుకునేవాడిలా రాశారు. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ ముందుకి. సగం బోర్డు నిండేసరికి ఆ విసురు తగ్గింది. ఒకచోట “ఓహో” అన్నారు తనలో తను. చిన్నమేడం చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. మొదట ఆయనకి తప్పు దొరక్కూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఆయన భుజాలు బరువుగా కుంగడం చూశాక, ఎక్కడో ఒకచోట చిన్న తప్పు చేసి ఉంటే బాగుండునని అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

చివరి లైనులో ఆయన మూడు వేశారు. దానికింద ఏమీ గీయకుండా అలాగే నిలబడ్డారు.

“నా మూలవక్రాన్ని ఎన్నిసార్లు కోసింది?”

“ఒక్కసారి సార్.”

రెండు, మూడు, ఒకటి. ఆయనకి కాగితం అవసరం లేకపోయింది. ఎంత గర్వమున్నా లెక్క వచ్చిన మనిషి, చప్పున గ్రహించారు. గదిలో మిగతా ఆరుగురూ ఆయన ఏమంటారా అని చూస్తుంటే, ఆయన మాత్రం ఆవిడవైపే తిరిగారు.

“అతుకు దగ్గరేనా?”

“అవును సార్. రెండు అడ్డగీతలు. కింది లైనులోకి రాలేదు.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడో చిన్నవయసులో, ఏదో ఒక బల్ల ముందు కూర్చుని ఆ లైను రాసిన తన చేతిని గుర్తు చేసుకుంటున్నారో ఏమో! కళ్ళు తెరిచాక చాలా మామూలుగా అన్నారు.

“సరిగ్గా చేశావమ్మా.”

ఇన్నేళ్ళూ ఆవిడ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. అది అనడానికి ఆయన తన దగ్గరున్నదంతా వదులుకోవాల్సి వచ్చింది. చిన్నమేడానికి ఏడుపాగలేదు. పెద్దవాళ్ళ ముందు ఏడవకూడదని కూడా తోచలేదు.

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. “సార్, మరి రేపటి సభ... హాలు, కార్డులు, ముఖ్య అతిథి...”

“సభకేమొచ్చిందయ్యా, జరగనీ. భోజనాలకీ జ్ఞాపికకీ సిద్ధాంతం ఉండక్కర్లేదుగా!”

ఆరుగురికీ ప్రాణం లేచొచ్చింది. జ్ఞాపిక మీద ఉపరితలం బొమ్మ చెక్కించేశారని ఒకాయన గుర్తుచేస్తే, బొమ్మ అందంగానే ఉంది కాబట్టి ఉంచెయ్యొచ్చని ఇంకొకాయన తేల్చారు. అందరూ పనులున్నాయని వసారాలోకి, అక్కడినుంచి ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. గాజు తలుపులు ఒక్కొక్కటే మూసుకున్న చప్పుడు వినిపించింది.

పెద్దసారు కుర్చీని బోర్డుకి దగ్గరగా లాక్కుని కూర్చున్నారు.

“ఇక్కడ, ఈ లైనులోంచి ఈ లైనుకి ఎలా వచ్చావు? నేనైతే ఈ దారిన వచ్చేవాణ్ణి కాదు. మళ్ళీ చెప్పు.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి అడిగారు, ఒకసారి తల అడ్డంగా ఊపారు, చివర్లో నిలువుగా ఊపారు. ఎవరో తన వక్రం గురించి ఇంతసేపు వినడం ఆవిడకి ఇదే మొదలు. అది లేదని తెలిశాక.

చెప్పడం పూర్తయ్యాక ఆవిడ డస్టరు అందుకుంది. “చెరిపెయ్యనా సార్?”

“ఉండనీ అమ్మా. రేపు ఫొటో ఈ గదిలోనే తియ్యమందాం,” అన్నారు పెద్దసారు. “నువ్వు కూడా పక్కన నిలబడు. ఆ మూడుకి అడ్డం రాకుండా.”